వెనింగ్ బరువు ఎత్తని రోజు

ప్రింగ్‌సేవు బజారు వీధుల్లో బుడే తుమిరా అమ్మే మూలికల పానీయం, జమూ రుచి చూడనివాళ్ళు లేరు. తెల్లవారేసరికి వీపున గుడ్డతో కట్టుకున్న వెదురుబుట్టలో సీసాలు గలగలలాడించుకుంటూ ఆమె బయలుదేరితే, బడిపంతుళ్ళు, రిక్షావాళ్ళు, బాలింతలు గుమ్మాల్లో కాచుకుని ఉండేవారు. ఒకరికి పసుపు, చింతపండు రసం. ఒకరికి బియ్యం, కచ్చూరం నూరి కలిపింది. జ్వరం తగిలినవాళ్ళకి ముక్కు మూసుకుని మింగాల్సిన చేదు కషాయం. ఊరంతా ఆమెను "బుడే" అనే పిలిచేది, పెద్దమ్మ అని. ఆ పిలుపుకి అసలైన హక్కుదారు, చెల్లెలి కూతురు వెనింగ్ మాత్రం ఆ జమూ ముట్టుకోవడం మానేసింది.

తల్లి పోయాక వెనింగ్‌ని పెంచింది తుమిరానే. ఆ పిల్లకి నడక ఎంత తొందరగా వచ్చిందో బరువులెత్తడం కూడా అంత తొందరగానే వచ్చింది. ఇంటి వెనక వీధిలో పాక్ గియోనో, అంటే గియోనోగారు, అనే పాత వస్తాదు రేకుల షెడ్డులో పిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్ నేర్పేవాడు. వెనింగ్ అక్కడే పెరిగింది. లాంపుంగ్ రాష్ట్ర జట్టులోకి ఎంపికైన ఏడాది, నిషేధించిన మందుల గురించి జట్టువాళ్ళు పెట్టిన తరగతికి వెళ్ళి వచ్చింది. మర్నాడు పొద్దున బుడే అలవాటుగా అందించిన గ్లాసుని పక్కకి జరిపింది.

"ఏమే, నా చేతి జమూలో విషం ఉందా?" అంది తుమిరా.

"విషం ఎందుకుంటుంది బుడే? నువ్వు అందులో ఏం వేశావో నువ్వు చెప్తావు. నీకు కచ్చూరం అమ్మినవాడు చెప్పగలడా? వాడికి అమ్మినవాడు?"

"పదేళ్ళ నుంచి తాగుతున్నావు, ఇవాళే తెలివొచ్చిందా?"

"ఇవాళే వచ్చింది. రేపు పరీక్షలో ఏదన్నా బయటపడితే, మా బుడే ఇచ్చిందండీ, నాకు తెలీదండీ అంటే వినరు. నా ఒంట్లో దొరికిందానికి నేనే జవాబు చెప్పుకోవాలి."

ఆ మాట తుమిరాకి ముల్లులా గుచ్చుకుంది. పైగా ఇలాంటివి గాలికన్నా ముందు పరిగెడతాయి. ఎదురింటి పైనెమ్ గ్లాసు పట్టుకుని నవ్వుతూ అడిగేది, "ఏం బుడే, నీ ఇంటి ఏనుగు నీ తొట్టిలో నీళ్ళు తాగదటగా?"

"ఆ ఏనుగు నీ తొట్టిలోనూ తాగదులే, నోరు మూసుకుని తాగు," అనేది తుమిరా. పైకి అలా అన్నా లోపల చిన్నబోయేది.

వెనింగ్ పట్టుదల చూస్తే ఒక్కోసారి ఒళ్ళు మండేది కూడా. మూత తీసిన నీళ్ళసీసా ఎక్కడన్నా వదిలి పక్కకి వెళ్ళిందంటే, తిరిగొచ్చి ఆ నీళ్ళు మొక్కలకి పోసేసేది. పెళ్ళి విందుల్లో అన్నం తినేది గానీ రంగురంగుల షర్బత్‌ల జోలికి పోయేది కాదు. తలనొప్పి వచ్చినా జట్టు డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాకే మాత్ర వేసుకునేది. షెడ్డులో తోటి కుర్రాళ్ళు "కండలు తెప్పించే పొడి" అని డబ్బాలు తెచ్చుకుంటే, డబ్బా తిప్పి చదివి, "దీని మీద రాసిన పేర్లు నాకు సగం తెలీవు, నీకు తెలుసా?" అని అడిగేది. ఎవరినీ తిట్టేది కాదు, ఎవరికీ నీతులు చెప్పేది కాదు. తను మాత్రం తాగేది కాదు, అంతే.

ఒక్క మినహాయింపు ఉండేది. ఇంట్లో వండిన అన్నం, కూర, తన కళ్ళెదుట అల్లం దంచి కాచిన నీళ్ళు బుడే చేత్తో ఇస్తే తీసుకునేది. అందుకే పోటీలకి ఎక్కడికి వెళ్ళినా వంటకి బుడేని వెంట తీసుకెళ్ళేది. జట్టువాళ్ళు నవ్వినా పట్టించుకునేది కాదు.

ఆ ఏడు జాతీయ పోటీలు బాండుంగ్‌లో పెట్టారు. గెలిచినవాళ్ళు ఆగ్నేయాసియా క్రీడలకి వెళ్తారు. వెనింగ్ ఒంటి బరువు తరగతిలో ఆమెకి సాటి వచ్చేది పశ్చిమ కాలిమంతాన్ అమ్మాయి లుద్వినా ఒక్కతే. ఆమె ఎత్తగలిగినదాని కంటే ఎక్కువ బరువు వెనింగ్ షెడ్డులో రోజూ ఎత్తి దించుతోంది. ఈసారి మెడల్ మనదే అని గియోనో పైకి అనలేదు గానీ, మీసం దువ్వుకోవడం ఎక్కువైంది.

సరిగ్గా అప్పుడే వెనింగ్‌కి నడుం పట్టేసింది. డాక్టరమ్మ చూసి, కండరం బెణికింది, వేడి కాపడం, విశ్రాంతి తప్ప మందు లేదు, నెమ్మదిగా తగ్గుతుంది అంది. ఓడలో సముద్రం దాటి, బస్సెక్కి బాండుంగ్ చేరేసరికి తగ్గకపోగా ఇంకాస్త బిగుసుకుంది. బసలో వెనింగ్ బూటు లేసు కట్టుకోవడానికి వంగబోయి, పెదవి కొరుక్కుని, మళ్ళీ మంచం మీద కూర్చుండిపోవడం తుమిరా వంటగది గుమ్మంలోంచి చూసింది.

తుమిరా బుట్టలో ఒక పొట్లాల కట్ట ఉంది. ఆమె సొంత జమూ కాదు. ఎండాకాలంలో మోకాళ్ళు పట్టేసి బుట్ట మోయలేకపోతే, బజారులో ఒకతను ఇచ్చిన ఒళ్ళునొప్పుల పొడి. పొట్లం మీద అల్లం, దుంపరాష్ట్రం, పసుపు బొమ్మలు. ఒక్క పొట్లంతోనే మోకాళ్ళు ఎగిరి గంతేశాయి. అప్పటి నుంచి రోజూ వేసుకుంటోంది. బుగ్గలు కూడా గుండ్రంగా తేలాయి. "బుడేకి వయసు వెనక్కి పోతోంది," అని వీధిలో వాళ్ళంటే మురిసిపోయేది.

పోటీకి ఇంకా రెండు పొద్దులుంది. సాయంత్రం అల్లం నీళ్ళు కాస్తూ తుమిరా కాసేపు ఆలోచించింది. మూలికలే కదా అనుకుంది. అడిగితే వద్దంటుంది. ఒక్కసారికి ఏమవుతుంది? పిల్ల వంగలేకపోతోంది. ఒక పొట్లం విప్పి గిన్నెలో వేసి, చెంచాతో తిప్పింది. వెనింగ్ మంచం మీదే పడుకుని ఉంది, ఈసారి వంటగదిలోకి రాలేదు. గ్లాసు అందుకుని, ఊదుకుంటూ మొత్తం తాగేసింది.

మర్నాడు పొద్దున సుబహు నమాజు అయ్యాక తుమిరా చాప చుడుతుంటే, వెనింగ్ మంచం దిగి నిలబడింది. ముందుకి వంగింది. చేతులు నేలకి ఆనాయి. మళ్ళీ లేచింది, మళ్ళీ వంగింది. ముఖం విప్పారింది.

"బుడే! నొప్పి లేదు! అస్సలు లేదు!"

"చూశావా మరి!" అంది తుమిరా, సంతోషం ఆపుకోలేక.

వెనింగ్ నవ్వు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నెమ్మదిగా మంచం అంచున కూర్చుంది.

"ఏం చూశాను బుడే? నిన్న రాత్రి అల్లం నీళ్ళలో ఏం కలిపావు?"

అబద్ధం ఆడటానికి తుమిరాకి అవకాశం ఉంది. ఏమీ లేదు, అల్లమే అంటే ఆ పిల్ల నమ్మేది. కానీ అలా సూటిగా చూస్తున్న కళ్ళలోకి చూసి చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"ఊళ్ళో అందరూ తాగేదేనే తల్లీ. మూలికల పొడి. నేనూ రోజూ వేసుకుంటున్నాను, నాకేమన్నా అయిందా?"

వెనింగ్ ఖాళీ పొట్లం అడిగి తీసుకుంది. ముందూ వెనకా చదివింది. అల్లం, పసుపు, దుంపరాష్ట్రం, మిరియాలు. నిషేధించిన పేరు ఒక్కటీ లేదు. దాన్ని మడిచి దిండు పక్కన పెట్టింది. తర్వాత గియోనోకీ, డాక్టరమ్మకీ, జట్టు మేనేజర్ పాక్ హెర్మాంతోకీ తనే కబురు పెట్టింది.

గది చిన్నది. హెర్మాంతో కుర్చీలో కూర్చున్నాడు, మిగతావాళ్ళు నిలబడ్డారు. తుమిరా గుమ్మం పక్కన గోడకి ఆనుకుంది.

"ఇందులో ఏముందో నేను చెప్పలేను," అంది డాక్టరమ్మ పొట్లం తిప్పి చూస్తూ. "ఏమీ లేకపోవచ్చు. కానీ ఇలాంటి పొడుల్లో చాటుగా స్టెరాయిడ్ కలిపి అమ్ముతూ చాలామంది దొరికారు. రెండు వారాల నొప్పి ఒక్క రాత్రిలో పోయిందంటే నాకూ అనుమానమే. అది ఉంటే కొన్ని రోజులు ఒంట్లో ఉంటుంది. రేపు వేదిక ఎక్కి పరీక్షకి దొరికితే తప్పు నీదే అవుతుంది. ఎవరు కలిపారని అడగరు."

"ఉందో లేదో తెలీదంటున్నారు కదా డాక్టరుగారూ!" అని హెర్మాంతో లేచాడు. "పొట్లం మీద రాసుంది, అన్నీ మూలికలే. చదువుకుని తాగాను అంటుంది, సరిపోయింది."

"చదవకుండా తాగాను పాక్," అంది వెనింగ్.

"అబ్బా, మాటకి మాట! ఎవరడిగారమ్మా నిన్ను? నువ్వు నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదా."

హెర్మాంతో గొంతు తగ్గించాడు. "సరే, విను. రాష్ట్రం మొత్తం నీ మీద ఆశ పెట్టుకుంది. అంతగా భయమైతే నడుం నొప్పని రాద్దాం. గౌరవంగా తప్పుకుంటావు. ఎవరూ ఏమీ అనరు."

"నడుం నొప్పి లేదు పాక్. ఇవాళ నా నడుం ఇనపకడ్డీలా ఉంది." వెనింగ్ డాక్టరమ్మ చేతిలోంచి పొట్లం తీసుకుంది. "నేను తప్పుకుంటాను. ఎందుకో ఉన్నదున్నట్టు చెప్తాను. ఏదో తాగాను, అందులో ఏముందో తెలీదు. అంతే రాయండి."

గోడకి ఆనుకున్న తుమిరా ముందుకొచ్చింది. "నేనే కలిపాను బాబూ! పిల్లకి తెలీదు! నా పేరు రాసుకోండి, నన్ను తీసుకెళ్ళి అడగమనండి. అరవయ్యేళ్ళదాన్ని, నన్నేం చేస్తారు?"

వెనింగ్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు కలిపావు బుడే, అది నిజమే. అడిగితే చెప్తాను. కానీ గ్లాసు ఎత్తింది నేను. కాస్తున్నప్పుడు లేచి వచ్చి చూడటం నా అలవాటు. నిన్న నొప్పి, బద్ధకం, పైగా ఇచ్చింది నువ్వు. నా కాపలా నేను వదిలేశాను. నీ పేరు అడ్డం పెట్టుకుని పక్కకి జరగలేను."

హెర్మాంతో గియోనో వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి. మీ శిష్యురాలు!"

గియోనో అంతసేపూ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ ముసలాయన జీవితంలో జాతీయ విజేతని తయారుచేసే అవకాశం ఇంకోసారి వస్తుందో రాదో. మీసం మీద చెయ్యి వేసుకుని, దించేశాడు.

"పిల్ల దిగనంటోంది. దిగదు," అన్నాడు. ఆ మాట అన్నాక వెనింగ్ బూట్ల సంచీ తనే భుజానికి తగిలించుకుని బయటికి నడిచాడు. వెనింగ్ ఆయన వెంట వెళ్ళి, నిర్వాహకుల దగ్గర కాగితం మీద సంతకం పెట్టి, ఆ ఖాళీ పొట్లం, బుడే బుట్టలోంచి విప్పని పొట్లం ఒకటి కూడా వాళ్ళ చేతికే ఇచ్చి వచ్చింది.

మర్నాడు హాల్లో తుమిరాకి కూర్చోబుద్ధి కాలేదు. బసలో ఉందామంటే వెనింగే లాక్కొచ్చింది. "మన జట్టు పిల్లలు ఇంకా ఉన్నారు, పద." చిన్నమ్మాయి ఒకతి బెదిరి చెమటలు కక్కుతుంటే వెనింగ్ ఆమె మణికట్టుకి పట్టీ చుట్టి, చెవిలో ఏదో చెప్పి నవ్వించి పంపింది. తర్వాత వెనింగ్ తరగతి వచ్చింది. పేర్లు పిలిచారు. ఒక పేరు పిలవలేదు.

లుద్వినా చివరికి గెలిచిన బరువు చూసి గియోనో తల దించుకున్నాడు. షెడ్డులో వెనింగ్ సరదాగా ఎత్తే బరువు అది. బార్ కింద పడిన చప్పుడుకి హాలంతా లేచింది. తుమిరా పక్కకి తిరిగి చూసింది. వెనింగ్ నిలబడి చప్పట్లు కొడుతోంది. ఊరికే రెండుసార్లు తట్టి ఊరుకోలేదు, అరచేతులు ఎర్రబడేలా కొడుతోంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, తుడుచుకోవడం లేదు. తుమిరా ఆ పిల్లని ఎత్తుకుని పెంచింది, తిట్టింది, కొట్టింది, జడలు వేసింది. ఇంత పెద్దది ఎప్పుడైందో మాత్రం ఆమెకి తెలీలేదు.

ఊరికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. కారణం దాచలేదు కాబట్టి అందరికీ తెలిసింది. తెలిసినవాళ్ళు తెలిసినట్టు చెప్పుకోలేదు. "మందు తిని దొరికిపోయిందట" అని కొందరు, "దొరకబోతూ పారిపోయిందట" అని కొందరు. హెర్మాంతో ఆమెని రాష్ట్ర శిక్షణ శిబిరం నుంచి తప్పించాడు. వెనింగ్ మళ్ళీ రేకుల షెడ్డుకే వెళ్ళింది. ఎవరన్నా మొహం మీదే అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పి, మళ్ళీ బార్ దగ్గరికి పోయేది.

ఒకరోజు పైనెమ్ గ్లాసు అందుకుంటూ ఆరా తీసింది. "ఏం బుడే, మీ పిల్ల ఏం మింగిందేంటి?"

తుమిరా ఆ గ్లాసు వెనక్కి లాక్కుంది. "మా పిల్ల ఏమీ మింగలేదు. మింగించింది నేను. అది నోరు మూసుకుని బరువెత్తి, మెడలో పతకం వేసుకుని రావచ్చు. రాలేదు. నువ్వైతే వచ్చేదానివి, నేనైతే వచ్చేదాన్ని. పో, ఇవాళ నీకు జమూ లేదు."

ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది.

కొన్ని వారాలకి పొట్లం పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేసింది. ఒళ్ళునొప్పుల పొడిలో స్టెరాయిడ్ ఉంది, కాస్తా కూస్తా కాదు, దండిగా ఉంది. వెనింగ్ వేదిక ఎక్కి ఉంటే కొన్నేళ్ళు ఆటకి దూరమయ్యేది. ఆ మాట చెప్పి డాక్టరమ్మ ఆగకుండా ఇంకోటి అడిగింది.

"మీ బుడే ఇది రోజూ వేసుకునేదన్నావు కదా, ఆవిడ ముఖం ఈమధ్య ఉబ్బినట్టుందా?"

వెనింగ్ ఫోన్ పట్టుకునే తుమిరా బుగ్గలు చూసింది. మోకాళ్ళ నొప్పికి ఓర్చుకోలేక చాటుగా ఇంకా వేసుకుంటూనే ఉన్నానని ఆమె ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. నెత్తురులో చక్కెర బాగా పెరిగిందన్నారు. ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, అక్కడి డాక్టర్లు మందు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పించారు. మోకాళ్ళ నొప్పి తిరిగొచ్చింది, బుగ్గలు దిగిపోయాయి. తుమిరా బుట్ట మోయడం మాని, ముందు పెద్ద బుట్ట కట్టిన సైకిల్ నెట్టుకుంటూ తిరగడం మొదలుపెట్టింది. బజారులో ఆ పొడి అమ్మినతను "నాకేం తెలుసు బుడే, పై నుంచి వచ్చిందే అమ్మాను" అన్నాడు. ఆ మాట విని ఆమెకి కోపం కంటే సిగ్గే ఎక్కువ వేసింది. తనూ అదే మాట అనుకుంది కదా ఆ సాయంత్రం.

ఫలితం వచ్చాక హెర్మాంతో ఊరికి వచ్చాడు. షెడ్డు ముందు బండి దిగి, కాసేపు పిల్లలు బరువులెత్తడం చూస్తూ నిలబడ్డాడు.

"నీ మాట విన్నట్టయితే నేను ఇవాళ తలెత్తుకుని తిరిగేవాణ్ణి. నా మాట నువ్వు విన్నట్టయితే ఇద్దరం పోయేవాళ్ళం," అన్నాడు వెనింగ్‌తో. "శిబిరానికి వచ్చెయ్యి."

"వస్తాను పాక్. మా బుడే వంట చేస్తుంది, సరేనా?"

"మళ్ళీ ఆవిడేనా!" అని హెర్మాంతో గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. గియోనో ఎన్నో నెలల తర్వాత పగలబడి నవ్వాడు.

మరుసటేడు పోటీలు సెమరాంగ్‌లో జరిగాయి. లుద్వినా మునుపటి కంటే బలంగా వచ్చింది. బరువుని ఒక్క ఊపులో తల పైకి లేపే స్నాచ్‌లో ఆమెదే పైచేయి. రెండు దఫాలుగా ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో వెనింగ్‌కి చివరి ప్రయత్నం మిగిలేసరికి గియోనో మీసం నములుతున్నాడు. వెనింగ్ బార్ భుజాల మీదికి తీసుకుంది, ఒక్క క్షణం ఊగింది. బార్ తల పైకి లేచి అక్కడే నిలిచింది. సరిగ్గా ఎత్తిందని చెప్పే న్యాయనిర్ణేతల తెల్ల దీపాలు మూడూ వెలిగాయి. ఒకే ఒక్క కిలో తేడాతో వెనింగ్ గెలిచింది.

పతకాలయ్యాక వెనింగ్‌నీ లుద్వినానీ మూత్ర పరీక్షకి పిలిచారు. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చంటే వెనింగ్ బుడేని తీసుకెళ్ళింది. పరీక్షకి కావాల్సిందేమో ఎంతసేపటికీ రావడం లేదు. పోటీకి ముందు తూకం కోసం ఆ ఇద్దరూ నీళ్ళు మానేసి ఒళ్ళు ఎండగట్టుకుని ఉన్నారు. గోడవారగా రెండు కుర్చీల్లో ఎదురుచూస్తూ కూర్చున్నారు. పక్క కుర్చీలో తుమిరా.

"పోయినేడు పతకం ఇంటికి తీసుకెళ్ళాను గానీ, గోడకి తగిలించలేదు," అంది లుద్వినా ఉన్నట్టుండి. "నువ్వెందుకు దిగలేదో మా కోచ్ చెప్పాడు. ఇంటికెళ్ళి నా పొడి డబ్బాలన్నీ బయటపడేశాను. మా అన్న తిట్టాడు."

"ఇవాళ్టిది తగిలించుకో మరి," అంది వెనింగ్.

"వెండిదా?"

"నాతో కిలో తేడా వెండి. ఊరికే వచ్చిందా?"

లుద్వినా నవ్వింది. తర్వాత తుమిరా వైపు వంగి చూసింది. "బుడే అంటే మీరేనా? పొట్లం బుడే?"

తుమిరాకి తల కొట్టేసినట్టయింది. కానీ ఆ అమ్మాయి కళ్ళలో ఎగతాళి లేదు.

"నేనేనమ్మా," అంది. "ఈ పిల్లని నేనే పెంచానని ఊళ్ళో గొప్పలు చెప్పుకుంటాను. ఇది ఇలా ఎలా తయారైందో మాత్రం నాకు తెలీదు."

"బుడే, చాల్లే," అంది వెనింగ్. చెవులు ఎర్రబడ్డాయి.

చివరికి ఇద్దరి పనీ అయ్యేసరికి బయట దీపాలు వెలిగాయి. ముగ్గురికీ ఆకలి నకనకలాడుతోంది. హాలు ఎదురుగా బండి మీద ఒకతను నూనెలో రొయ్యల అప్పాలు వేయిస్తున్నాడు. టోఫూ ముక్కల మీద వేరుశనగ పచ్చడి గరిటెలతో పోస్తున్నాడు. తుమిరా వాళ్ళిద్దరి చేతులూ పట్టుకుని రోడ్డు దాటించి, ముక్కాలి పీటల మీద కూర్చోబెట్టింది.

"పచ్చడి దండిగా వెయ్యి నాయనా," అంది బండివాడితో. "ఈ పిల్లలు పొద్దుట్నించీ ఏమీ తినలేదు."